ఎండలో నిలబడి చదివే పేజీ

హైదరాబాద్ కొండాపూర్‌లో రాఘవేంద్ర కాలనీ వైపో, మసీద్ బండ వైపో నడిస్తే గోడలకూ కరెంటు స్తంభాలకూ హాస్టల్ పోస్టర్లు కనిపిస్తాయి. టూ షేరింగ్, త్రీ షేరింగ్, మూడు పూటలా భోజనం, వైఫై, కింద అరచేయంత అంకెల్లో ఫోన్ నంబరు. దారిన పోయే మనిషి ఆగడని వాటిని అచ్చు వేయించినవారికి తెలుసు. అందుకే అతనికి కావలసినవే, అతను అడిగే వరుసలోనే పెట్టారు. అలాంటి హాస్టల్‌కే వెబ్‌సైట్ చేయించినప్పుడు ఈ తెలివి ఎక్కడికో పోతుంది. తొలి తెరంతా ఎక్కడిదో ఒక భవనం ఫోటో, దాని మీద సుస్వాగతం, ఆ కింద సంస్థ లక్ష్యాలు, ఆశయాలు. అద్దె సంగతి ఎంత వెతికినా దొరకదు.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ ప్రాంతం తీరే మారింది. హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు, పళ్ల డాక్టర్ల క్లినిక్కులు, బొటీక్‌లు, వీటిలో చాలావాటికి ఐటీ ఉద్యోగులే ఆధారం. ఖమ్మం నుంచో కాకినాడ నుంచో ఉద్యోగంలో చేరడానికి వచ్చిన అమ్మాయిని ఊహించుకోండి. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో ఫోను, నెత్తిన ఎండ. సాయంత్రంలోగా గది కుదరాలి. హాస్టల్ వెబ్‌సైట్‌ను నిజంగా వాడేది ఆమె. యజమాని మాత్రం దాన్ని ఏసీ గదిలో, పెద్ద మానిటర్ మీద చూసి బాగుందంటాడు. చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లలో నేను చూసే లోపాల్లో ఎక్కువ భాగం ఈ తేడాలోనే పుడుతున్నాయి.

ఆమె తెలుసుకోవాలనుకునేవి అయిదారు సంగతులు. అద్దె ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏ షేరింగ్‌లో ఖాళీ ఉంది, భోజనం ఎలా, ఆఫీసుకు ఎంత దూరం, ఎవరికి ఫోన్ చేయాలి. వీటిలో ముఖ్యమైనవి వేలితో జరపకుండానే కనిపించాలి. వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ బృందం 2006లో పాఠకుల కంటి కదలికలను కొలిచి చూసింది. వెబ్ పేజీలో పై వరుసలను జనం అడ్డంగా చదువుతారు, ఆ తర్వాత చూపు ఎడమ అంచు వెంట కిందికి జారిపోతుంది. మూడో పేరా చివర రాసిన అద్దె రాయనట్టే లెక్క. అద్దె ఫోన్‌లోనే చెబుతామనే యజమానులున్నారు. పక్క హాస్టల్‌వాళ్లకు తెలుస్తుందని, బేరానికి చోటుండదని వాళ్ల భయం. ఆ భయంలో న్యాయం ఉంది. అయినా 'ఇంత నుంచి మొదలు' అన్న మాటైనా లేకపోతే ఆమె ఫోన్ చేయదు, వెనక్కి వెళ్లి ఇంకో సైటు తెరుస్తుంది.

ఇక రంగులు. ఇది అభిరుచికి సంబంధించిన విషయమని చాలామంది అనుకుంటారు కానీ, ఇందులో లెక్క ఉంది. మన కన్ను అన్ని రంగులకూ ఒకేలా స్పందించదు. తెర మీది తెలుపులోని వెలుగును నూరు పాళ్లనుకుంటే, కంటికి అందే దానిలో దాదాపు 72 పాళ్లు ఆకుపచ్చది, 21 పాళ్లు ఎరుపుది, నీలానిది 7 పాళ్లే. ఈ లెక్క ఆధారంగా అక్షరం వెలుగుకూ దాని వెనక రంగు వెలుగుకూ మధ్య నిష్పత్తి కడతారు. తెలుపు మీద నలుపుకు అది 21. రెండూ ఒకే రంగైతే 1. వెబ్ ప్రమాణాలు రూపొందించే డబ్ల్యూ3సీ సంస్థ మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు కనీసం 3 ఉండాలంటుంది.

మన షాపు బోర్డులకు ఎంతో ఇష్టమైన ఎరుపు మీద పసుపును ఈ కొలతలో పెట్టి చూడండి. తెర మీది అచ్చమైన ఎరుపు, అచ్చమైన పసుపు తీసుకుంటే నిష్పత్తి 3.7 వస్తుంది. షాపు పేరుకు చాలు, చిన్నక్షరాల అడ్రసుకు చాలదు. అదే పసుపును నలుపు మీద రాస్తే 19 దాటుతుంది. వాట్సాప్ లేతాకుపచ్చ బటన్ మీద తెల్లటి అక్షరాలు రాయడం ఇప్పుడు అలవాటైంది, ఆ నిష్పత్తి 2 దగ్గరే ఆగిపోతుంది. ఆర్డర్లన్నీ వచ్చేది ఆ బటన్ నుంచే! అక్షరాలను నల్లగా మారిస్తే అది 10 దాటుతుంది. పైగా ఇవన్నీ నీడలో లెక్కలు. ఎండ తెర మీద పడి తిరిగి కంటిలోకి వచ్చినప్పుడు నలుపు కూడా బూడిదరంగులోకి మారుతుంది, ఉన్న నిష్పత్తి ఇంకా పడిపోతుంది. మానిటర్ మీద సుకుమారంగా కనిపించే లేత బూడిదరంగు అక్షరాలు మే నెల మధ్యాహ్నం కొత్తగూడ చౌరస్తాలో కనిపించకుండా పోవడానికి కారణం ఇదే.

తర్వాతది బరువు. ఇప్పటి మామూలు ఫోన్ కెమెరా తీసే 12 మెగాపిక్సెళ్ల ఫోటో 4000 పిక్సెళ్ల వెడల్పు, 3000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. ఫైలు సుమారు 4 ఎంబీ అనుకుందాం. గదులవి, వంటగదివి, డాబావి అలాంటి ఫోటోలు పది పెడితే 40 ఎంబీ. సిగ్నల్ సరిగా అందని సెల్లార్‌లో సెకనుకు 4 మెగాబిట్ల వేగమే వస్తే, అవన్నీ దిగడానికి 80 సెకన్లు పడుతుంది. పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని, నూటికి 75 సందర్శనల్లోనైనా అలా జరగాలనేది గూగుల్ పెట్టుకున్న కొలమానం. చాలా ఫోన్ల తెర అడ్డంగా 1080 పిక్సెళ్లే. ఫోటోను ఆ వెడల్పుకు కుదిస్తే పిక్సెళ్లు పద్నాలుగో వంతుకు వస్తాయి, ఫోన్‌లో కంటికి తేడా తెలియదు. 2010లో వచ్చిన వెబ్‌పీ రూపంలో దాచుకుంటే బరువు ఇంకా తగ్గుతుంది. నన్నడిగితే చిన్న వ్యాపారికి ఇంతకన్నా చవకైన మరమ్మతు ఇంకోటి లేదు. తొలి తెరలో ఒకదాని వెనక ఒకటి జారిపోయే ఫోటోల వరుసను కూడా తీసేయమంటాను. రెండో ఫోటో వచ్చేదాకా ఆగి చూసే తీరిక ఆమెకు లేదు.

ఫోటో ఎత్తు, వెడల్పు పేజీ కోడ్‌లో ముందే రాసిపెట్టడం కూడా అవసరం. లేకపోతే బ్రౌజర్ ముందు అక్షరాలను పరిచేస్తుంది, ఫోటో వచ్చాక వాటిని కిందికి నెడుతుంది. కాల్ బటన్ నొక్కబోయిన వేలు ఇంకెక్కడో పడుతుంది.

టిమ్ బెర్నర్స్ లీ 1991లో సెర్న్‌లో పెట్టిన తొలి వెబ్ పేజీ ఉత్త అక్షరాలు, లింకులు. అలాంటి పేజీ ఎంత తెరలోనైనా ఒదిగిపోతుంది. ఆ తర్వాత మనమే పేజీలకు బిగుసుకున్న వెడల్పులు పెట్టాం. 2010లో వెబ్ డిజైనర్ ఈథన్ మార్కాట్ రాసిన వ్యాసంతో తెరను బట్టి సర్దుకునే డిజైన్ ఊపందుకుంది. ఫోన్ తెర వెడల్పును వాడుకోమని బ్రౌజర్‌కు చెప్పే ఒక్క వరుస కోడ్‌లో లేకపోతే, ఫోన్ ఆ పేజీని సాధారణంగా 980 పిక్సెళ్ల వెడల్పుదని అనుకుని మొత్తాన్ని కుదించి చూపిస్తుంది. అక్షరాలు ఆవగింజలవుతాయి.

బటన్ల విషయంలో 1954 నాటి పాల్ ఫిట్స్ సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. లక్ష్యం చిన్నదైనా, దూరంగా ఉన్నా వేలు దాన్ని చేరడానికి ఎక్కువ సమయం పడుతుంది. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు నొక్కే చోటు సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలంటాయి. ఒంటిచేత్తో ఫోన్ పట్టుకున్నప్పుడు బొటనవేలికి తెర అడుగు భాగమే దగ్గర, కాబట్టి కాల్, వాట్సాప్ బటన్లు అక్కడ స్థిరంగా ఉంటే మంచిది. ఫోన్ నంబరును బొమ్మలో భాగంగా వేయకండి. లింకుగా రాస్తే నొక్కగానే డయల్ ప్యాడ్ తెరుచుకుంటుంది.

తెలుగులో పేజీ పెట్టాలనుకునేవారికి మరికొంత జాగ్రత్త కావాలి. చాలా డీటీపీ సెంటర్లలో పాంప్లెట్లు అను ఫాంట్లతో తయారవుతాయి. ఆ ఫాంట్ ఉన్నంతవరకే అది తెలుగు. వెనక దాగి ఉన్న సంకేతాలు తెలుగువి కావు కనుక ఆ మ్యాటర్‌ను వెబ్‌సైట్‌లో అతికిస్తే అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి, వెతికినా దొరకదు. తొలి రోజుల్లో తెలుగు పత్రికల సైట్లు కూడా ఎవరి ఫాంట్ వారు వాడేవి. వాటిని అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలిచ్చే యూనికోడ్‌లోకి మార్చి చదువుకోవడానికి ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింపు ఉండేది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఇప్పుడిక వేరే దారి వెతకనక్కర లేదు, యూనికోడ్‌లోనే టైపు చేయించాలి.

వరుసల మధ్య ఎడం కూడా ఇంగ్లిష్ కొలతతో కుదరదు. లక్ష్మి అన్న పేరును కంప్యూటర్ ఏడు సంకేతాలుగా దాచుకుంటుంది, తెర మీద చూపించేది రెండు అక్షరాలుగా. వత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. ఇంగ్లిష్‌కు సరిపోయేలా అక్షరం సైజుకు 1.2 రెట్ల ఎడం పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి. 1.6 రెట్లకు తగ్గకుండా ఉంచితే కంటికి హాయి. సిలికానాంధ్ర విడుదల చేసిన ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిలో మండలి పేరాలకు, రామభద్ర శీర్షికలకు బాగా కుదురుతాయి. ఇలాంటి ఫాంట్లు చేతిలో ఉండగా తెలుగు మెనూను స్కాన్ చేసి బొమ్మగా పెట్టడం చూస్తే బాధగా ఉంటుంది. ఆ బొమ్మలోని పెసరట్టును చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ చదవలేదు.

అడ్రసులో ప్లాటు నంబరు ఒక్కటే సరిపోదు. బొటానికల్ గార్డెన్ నుంచి ఎటు తిరగాలో, ఏ అపార్టుమెంటు పక్క గల్లీనో రాయాలి, 500084 పిన్ కోడ్ వేయాలి. పేరు, నంబరు, అడ్రసు మూడూ సైటులో, గూగుల్ మ్యాప్‌లో, బోర్డు మీద అక్షరం తేడా లేకుండా ఉండాలి. వ్యాపారం పేరు, పనివేళలు, ఫోన్ వంటివాటిని సెర్చి ఇంజన్లు తికమక పడకుండా చదువుకోవడానికి గూగుల్, యాహూ, బింగ్ కలిసి 2011లో స్కీమా డాట్ ఆర్గ్ అనే ఉమ్మడి పద్ధతి తెచ్చాయి. దాన్ని చేర్చమని సైటు చేసే కుర్రాణ్ని అడగండి.

అతన్నే ఇంకో మాట కూడా అడగాలి. డొమైన్ పేరు ఎవరి పేరున, ఏ ఈమెయిల్‌తో నమోదైంది? చాలాసార్లు పని తొందరలో సైటు చేసినవారు తమ సొంత ఖాతాలోనే నమోదు చేసేస్తారు. రెన్యువల్ గడువు గుర్తుచేసే మెయిల్ ఆ ఖాతాకే వెళ్తుంది, యజమానికి రాదు. ఆ కుర్రాడు ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోకముందే ఆ ఖాతాను మీ పేరు మీదికి మార్పించుకోండి.