గేదెల దాణాలో పోయే నూగు.. ఫిరంగులకు కావాలట!

చిలకలూరిపేట నుంచి గుంటూరు వస్తుంటే రోడ్డు పక్కన జిన్నింగ్ మిల్లులు కనిపిస్తాయి. సీజన్‌లో ఎప్పుడైనా ఒకదాన్లోకి తొంగి చూడండి. ఒకపక్క దూది బేళ్లు, ఇంకోపక్క గింజల గుట్ట. ఒక గింజ తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. దూదంతా తీసేశాక కూడా దాని మీద పొట్టిగా, మెత్తగా నూగు మిగిలే ఉంటుంది. మార్కెట్లో దీని పేరు లింటర్స్.

మనం పెద్దగా పట్టించుకోని ఈ నూగు కోసమే ఇప్పుడు యూరప్‌లో మందుగుండు కంపెనీలు పరుగులు పెడుతున్నాయి. నమ్మబుద్ధి కావడం లేదా? చదవండి.

నూగుకీ తూటాకీ ఏంటి సంబంధం?

ఫిరంగి గుండు పేలాలంటే రెండు రకాల మందు కావాలి. గుండు లోపల ఉండి లక్ష్యం దగ్గర పేలేది ఒకటి. వెనక నుంచి దాన్ని నెట్టి కిలోమీటర్ల దూరం విసిరేది రెండోది. ఈ రెండో మందుకు ప్రాణం నైట్రోసెల్యులోజ్. పత్తి నూగును బాగా ఉడికించి, శుభ్రం చేసి, నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాల మిశ్రమంలో నానబెడితే అది తయారవుతుంది. చూడటానికి మామూలు దూదిలాగే ఉంటుంది. నిప్పు తగిలితే మాత్రం భగ్గుమని క్షణంలో మాయం. అందుకే పాత పేరు ‘గన్ కాటన్’.

దీన్ని 1846లో లోకానికి చెప్పింది స్విట్జర్లాండ్‌లో పనిచేసిన షోన్‌బైన్ అనే రసాయన శాస్త్రవేత్త. వంటింట్లో ఒలికిన ఆమ్లాన్ని భార్య నూలు ఏప్రన్‌తో తుడిచి, పొయ్యి దగ్గర ఆరేస్తే అది మండిపోయిందని ఒక కథ కూడా చెబుతారు. 1880లలో పొగరాని తుపాకీ మందు వచ్చాక ప్రపంచ సైన్యాలన్నీ దీని మీదే పడ్డాయి. మన దేశంలోనూ నీలగిరుల్లోని అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ వందేళ్లకు పైగా ఈ పనిలోనే ఉంది.

ఇదే నైట్రోసెల్యులోజ్‌ను నైట్రోజన్ కాస్త తగ్గించి తయారుచేస్తే నెయిల్ పాలిష్‌లోకి, ప్రింటింగ్ ఇంకుల్లోకి వెళ్తుంది. గోళ్ల మెరుపుకీ ఫిరంగి మోతకీ ముడిసరుకు ఒక్కటే అన్నమాట!

యూరప్‌కు ఎక్కడ చిక్కొచ్చింది?

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద రష్యా యుద్ధం మొదలైంది. ఏడాదిలో 10 లక్షల గుండ్లు ఇస్తామని 2023 మార్చిలో యూరోపియన్ యూనియన్ మాటిచ్చింది. గడువు వచ్చేసరికి ఇవ్వగలిగింది దాదాపు సగమే. డబ్బు ఉంది, ఆర్డర్లు ఉన్నాయి, మందే చాల్లేదు. ఈ మందుకు కావాల్సిన ప్రత్యేకమైన పత్తి ఎక్కువగా చైనా నుంచే వస్తోందని 2024లో అప్పటి యూరప్ కమిషనర్ థియరీ బ్రెటన్ బహిరంగంగానే ఒప్పుకున్నారు. జర్మనీ ఆయుధ కంపెనీ రైన్‌మెటాల్ 2025లో ఏకంగా ఒక నైట్రోసెల్యులోజ్ తయారీ సంస్థనే కొనేందుకు ఒప్పందం చేసుకుంది.

ఖర్చులు చూస్తే కళ్లు తిరుగుతాయి. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ లెక్క ప్రకారం 2024లో ప్రపంచ దేశాల సైనిక ఖర్చు 2.7 లక్షల కోట్ల డాలర్లు. అందులో మన దేశానిది ఐదో స్థానం. మన రక్షణ ఎగుమతులు 2013-14లో రూ.686 కోట్లుంటే 2024-25కు రూ.23,622 కోట్లకు చేరాయి.

మరి మన రైతుకేంటి?

అసలు కథ ఇక్కడుంది. క్వింటా పత్తి ఆడిస్తే దూది వచ్చేది మూడో వంతు. మిగిలినదంతా దాదాపు గింజే. ముందు నూగు తీసి, పొట్టు తీసి, ఆ తర్వాత నూనె పిండటం సరైన పద్ధతి. మన దేశంలో ఎక్కువ మిల్లులు నూగుతో సహా గింజను గానుగలో వేసేస్తాయి. కొంత నూనె చెక్కలోనే ఉండిపోతుంది, నూగూ దాంతోపాటే పోతుంది. ఆ చెక్క గేదెల తొట్టికి చేరుతుంది. దేశాలు వెతుక్కుంటున్న సరుకును మన గేదె తీరిగ్గా నెమరేస్తోంది!

నూగు తీసే మెషీన్లకు ఖర్చవుతుంది, కరెంటు కాలుతుంది. పైగా క్వింటాకు వచ్చే నూగు కొద్ది కిలోలే. అందుకే మిల్లు యజమాని వెనకాడతాడు. కానీ గింజకు మంచి రేటొస్తే పత్తికీ వస్తుంది, ఎందుకంటే వ్యాపారి రైతు దగ్గర కొనేది గింజతో కలిపే. 2025-26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర రూ.8,110. అదే సీజన్‌కు ముందు ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసింది, డిసెంబరు దాకా పొడిగించింది. అలాంటి ఏడాదిలో గింజ మీద వచ్చే ప్రతి రూపాయీ లెక్కే.

ఇంకో ముచ్చట. రాష్ట్ర ప్రభుత్వం 2025లో తెచ్చిన ఏరోస్పేస్, డిఫెన్స్ పాలసీలో జగ్గయ్యపేట - దొనకొండ ప్రాంతాన్ని క్షిపణులు, మందుగుండు తయారీకి కేటాయించింది. బ్రిటిష్ వాళ్ల కాలం నాటి రన్‌వే ఉన్న ఆ దొనకొండే, మన ప్రకాశం జిల్లాలోదే. అయితే తొందరపడొద్దు. పెద్ద క్షిపణుల ఘన ఇంధనం చాలావరకు వేరే రసాయనాలతో తయారవుతుంది. దొనకొండలో ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన పక్క ఊరి పత్తికి రేటు రాదు. మధ్యలో నూగు తీసే మిల్లు, దాన్ని శుద్ధి చేసే యూనిట్ ఉంటేనే గొలుసు పూర్తవుతుంది.

యుద్ధం ధరను నమ్మొచ్చా?

మన నేలకు ఈ పాఠం కొత్త కాదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోతే, ఇంగ్లండ్ మిల్లులు ఇండియా వైపు తిరిగాయి. ధరలు ఆకాశానికెళ్లాయి. మన వైపు పండే పత్తికి కాకినాడ రేవు పేరు మీద ‘కోకనాడాస్’ అనే పేరుండేది. 1865లో అక్కడ యుద్ధం ఆగింది, ఇక్కడ ధర కూలింది. మిగిలింది అప్పులే.

ఈసారీ అంతే కావొచ్చు. యూరప్ కంపెనీలు చెక్క గుజ్జుతోనూ నైట్రోసెల్యులోజ్ చేయడం నేర్చుకుంటున్నాయి. రేపు సంధి కుదిరితే ఆర్డర్లు తగ్గుతాయి. అందుకే తుపాకీని చూసి ఎకరాలు పెంచుకోవడం తెలివైన పని కాదు. నూగు తీసే మిల్లు పెడితే మాత్రం యుద్ధం ఆగినా పని ఆగదు. నోట్ల కాగితానికి, ఇంకులకు, మందుల పరిశ్రమకు నూగు కావాలి. గింజ నుంచి నూనె కూడా ఎక్కువ దిగుతుంది.

ఈసారి ఊరెళ్లినప్పుడు గేదె ముందున్న చెక్కను ఒకసారి చూడండి. అందులో తెల్లగా నూలు పోగుల్లా కనిపించేదేంటో ఇప్పుడు మీకు తెలుసు. ఇంట్లో నాన్నకో, తాతకో కూడా చెప్పండి. మిల్లు దగ్గర బేరమాడేటప్పుడు పనికొస్తుంది.