నిరీక్షణ

పోటీ పరీక్షల కాలంలో ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనే కాక, ఆర్ట్స్ కళాశాల పరిసరాలలోని చెట్ల నీడలలో కూడా పుస్తకాలు ముందుంచుకొన్న విద్యార్థులు కనిపిస్తారు. వారిలో ఎందరో గ్రామసీమల నుండి వచ్చినవారు. తమ వంశంలో పట్టభద్రులైన తొలితరంవారు. ఇంటి నుండి అందే సొమ్ము వెనుక తండ్రి అమ్మిన పంటయో, తల్లి చేసిన కూలియో ఉంటుంది. అందుచేత వారి ఆశ వారి ఒక్కరిది కాదు. ఆందోళన కూడా అంతే.

ప్రత్యేక తెలంగాణ కోసం ఈ విద్యార్థులు 1969లోను, 2009లోను ముందు నిలిచారు. ‘నీళ్లు, నిధులు, నియామకాలు’ అన్న ఉద్యమ నినాదంలో మూడవ మాట వారికి మిక్కిలి సన్నిహితమైనది. 2014 జూన్ 2న రాష్ట్రం అవతరించింది. అయితే డిప్యూటీ కలెక్టరు, డి.ఎస్.పి. వంటి పదవులకు జరిపే గ్రూప్-1 పరీక్షకు కొత్త రాష్ట్రంలో తొలి ప్రకటన 2022 ఏప్రిల్‌లో గాని వెలువడలేదు. నిరీక్షణలోనే వయస్సు మీరిన వారెందరో ఉండగా, ప్రభుత్వం ఆ ఏడాదే ఉద్యోగార్థుల గరిష్ఠ వయోపరిమితిని పదేళ్లు పెంచింది. 503 ఉద్యోగాలకు సుమారు 3 లక్షల 80 వేలమంది దరఖాస్తు చేశారు. ఒక్కొక్క స్థానానికి 750 మందికి పైగా!

అక్టోబరులో ప్రాథమిక పరీక్ష జరిగింది. ప్రశ్నపత్రం ముందే బయటకు పొక్కిన సంగతి 2023 మార్చిలో వెల్లడి కావడంతో అది రద్దయింది. జూన్‌లో తిరిగి జరిపిన పరీక్షను సెప్టెంబరులో హైకోర్టు రద్దుచేసింది.

పరీక్ష తప్పినవాడు తన లోపమేదో వెదకి దిద్దుకొంటాడు. తన దోషమేమీ లేకుండానే పరీక్ష రద్దయినవాడు దేనిని దిద్దుకోవాలి? నిజానికి ఇక్కడ ఎక్కువగా నష్టపోయినవాడు ఉత్తీర్ణుడే; అతడు గట్టెక్కిన ఏటిని మళ్లీ మొదటి నుండి ఈదవలసి వచ్చింది. “ఏం నాయనా, ఉద్యోగం వచ్చిందా?” అని ఊరివారు ఆప్యాయంగానే అడుగుతారు. ఆ ప్రశ్నకు జంకి పండుగకు ఇల్లు చేరడం మానుకొనేవారు ఉన్నారు. నేటి యువతకు ఓర్పు లేదని పెద్దలు తరచుగా అంటారు. ఆ మాట వీరి పట్ల చెల్లదు.

2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగాలకు మరొక ప్రకటన వెలువడింది. చెట్ల నీడలలో, మొదటి పరీక్షనాడు గీతలు గీసుకొన్న పుస్తకాలే మళ్లీ తెరుచుకొన్నాయి. జూన్ 9న వారు మూడవసారి పరీక్షకు కూర్చున్నారు.