తెర అక్కరలేని ప్రోగ్రామింగ్ పాఠం

కంప్యూటరు చేయవలసిన పనిని చిన్న చిన్న ఆదేశాలుగా విడగొట్టి, వాటిని సరైన వరుసలో పేర్చడమే ప్రోగ్రామింగ్. చదవడం, టైపు చేయడం ఇంకా రాని పసివాళ్లకు ఈ పేర్పు నేర్పాలంటే చేతికి తగిలే బొమ్మే మేలైన సాధనం.

1967లో అమెరికాలో సీమోర్ పాపర్ట్, సింథియా సోలమన్ తదితరులు పిల్లల కోసం లోగో అనే కంప్యూటరు భాషను రూపొందించగా, కొన్నాళ్లకే దాని ఆదేశాలను పాటిస్తూ నేలమీద తిరిగే 'తాబేలు' యంత్రం వచ్చింది. 1970లలో ఎంఐటీలో రేడియా పెర్ల్‌మన్, టైపు చేయలేని చిన్నారులు మీటలు నొక్కీ, ఆదేశాల కార్డులను గాడుల్లో పెట్టీ ఆ తాబేలును నడిపే పరికరాలను తయారుచేశారు. బార్‌కోడు అంటించిన చెక్క దిమ్మెలను పేర్చి నడిపించే నేటి కీబో రోబో ఆ బాటలోదే.

అయితే తెలుగు ఇళ్లకు ఈ ఆలోచన కొత్తది కాదు. వామనగుంటల పీటలో రెండు వరుసల్లో పద్నాలుగు గుంటలుంటాయి. ఒక గుంటలోని చింతగింజలన్నీ తీసి, తరువాతి గుంటల్లో ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోయి, చేతిలోవి అయిపోగానే ఆ పక్క గుంటలోవి తీసి మళ్లీ పంచడాన్ని ప్రోగ్రామర్లు లూప్, అంటే పునరావృత్తి, అంటారు. ఖాళీ గుంట ఎదురైతే పంపకం ఆపి, దాని అవతలి గుంటలోని గింజలు గెలుచుకోవడం షరతు. కానీ ఉన్న నియమాన్ని పాటించినంత మాత్రాన అది ప్రోగ్రామింగ్ కాదు. నియమాన్ని మార్చి, ఫలితం ఎలా మారుతుందో పిల్ల ముందే ఊహించి, ఆడి సరిచూసుకున్నప్పుడే ఆ విద్య మొదలవుతుంది.

ఇలా నేర్పడానికి ఖరీదైన రోబో అవసరం లేదు. ఉదాహరణకు, విజయపురి సౌత్ నాగార్జునకొండకు లాంచీలు బయలుదేరే ఊరు కనుక, అక్కడ నేలమీద సుద్దతో గళ్లు గీసి, ఒక మూల రేవు, మరొక మూల కొండ గుర్తుపెట్టి, ఒకరిని లాంచీగా నిలబెట్టి, మిగిలినవారిచేత 'ముందుకు', 'కుడికి', 'ఎడమకు' అన్న బాణం కార్డులను వరుసగా పేర్పించవచ్చు. లాంచీ దారి తప్పితే పిల్లవాణ్ని తప్పుపట్టకుండా, ఏ కార్డు దగ్గర పొరపాటు జరిగిందో అందరూ కలిసి వెతికి సరిచేయాలి. డీబగ్గింగ్ అనే ఈ దోషాన్వేషణే మొత్తం ఆటలో అత్యంత విలువైన భాగం.

2020 జాతీయ విద్యావిధానం కోడింగ్‌ను ఆరు నుంచి ఎనిమిది తరగతుల దశలో ప్రవేశపెట్టాలని చెప్పింది. అంతవరకు ఆగకుండా, అంగన్‌వాడీ కార్యకర్తలూ ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులూ వారానికి ఒక్క పూటైనా ఈ ఆట ఆడించాలి.