ఊరే వార్డు: కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్‌లో ఏం నేర్పుతారు?

ఇంటర్ బైపీసీ అయ్యాక మెడికల్ సీటు అందదని తేలితే ఉయ్యూరు, గుడివాడ, బందరు ఇళ్లల్లో నర్సింగ్ మాట వస్తుంది. నర్సు అనగానే మన కళ్లముందుకొచ్చేది ఆసుపత్రి మంచం, సెలైన్ సీసా. కానీ ఆ చదువులో ఊళ్లోకి వెళ్లి నేర్చుకోవాల్సిన భాగం ఒకటుంది. అదే కమ్యూనిటీ హెల్త్ నర్సింగ్. జనం జబ్బుపడి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగకుండా, ముందే వాళ్ల గడపకు వెళ్లడం దీని పని.

ముందు ఒక సందేహం తీర్చుకుందాం. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో దీనికి విడిగా బ్రాంచి ఉండదు. అందరూ చదవాల్సిందే. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన సిలబస్ ప్రకారం ఐదో సెమిస్టర్‌లో ఒక భాగం, ఏడో సెమిస్టర్‌లో మరో భాగం వస్తాయి. మూడేళ్ల జీఎన్‌ఎం చేసినవాళ్లు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీతో డిగ్రీ అందుకోవచ్చు. ప్రత్యేకంగా ఇదే చదవాలంటే రెండేళ్ల ఎమ్మెస్సీలో తీసుకోవాలి.

క్లాసులతో పాటు ఫీల్డు ఉంటుంది. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక సబ్ సెంటర్, 30,000 మందికి ఒక పీహెచ్‌సీ ఉండాలని లెక్క. విద్యార్థులు వాటి పరిధిలోని ఊళ్లకు వెళ్లి, తమకు అప్పగించిన కుటుంబాలను చూస్తారు. గర్భిణి ఎవరు, చంటిబిడ్డకు ఏ టీకా బాకీ ఉంది, ముప్పై దాటినవాళ్లలో బీపీ, షుగర్ పరీక్ష చేయించుకోనిది ఎవరు, అన్నీ రాసుకుంటారు.

ఇళ్లకు వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లే నర్సింగ్ సంచిని తెరవడానికీ ఒక పద్ధతి ఉంది. వసారాలో శుభ్రమైన చోట న్యూస్‌పేపర్ పరిచి, సంచిని దానిమీదే పెట్టాలి. సబ్బు, తువ్వాలు పైనే ఉంటాయి. చేతులు కడుక్కున్నాకే లోపలి సామాను తీయాలి. పని అయ్యాక వాడినవి శుభ్రం చేసి, మళ్లీ చేతులు కడుక్కుని సంచి మూయాలి. ఈ ఇంటి క్రిమి పక్కింటికి పోకూడదనే ఇంత జాగ్రత్త.

ఆసుపత్రి చూపుకీ ఊరి చూపుకీ తేడా తెలియాలంటే దివిసీమ పాముకాట్లు చూడండి. 2018 ఆగస్టులో అవి ఎంత ఎక్కువయ్యాయంటే, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో సర్పయాగం కూడా చేయించారు. ఆసుపత్రి నర్సు ముందున్నది ఒక్క రోగి: విరుగుడు మందు ఎక్కించాలి, ఊపిరి, బీపీ కనిపెట్టుకుని ఉండాలి. ఊరి నర్సు అడిగేవి వేరు. కాటు ఎవరికి పడింది, ఏ వేళ, ఎక్కడ? ఆసుపత్రికి చేరడానికి ఎంతసేపు పట్టింది? మసక చీకట్లో చెప్పుల్లేకుండా గట్ల మీద నడిచేవాళ్లకు రక్తపింజర ప్రమాదం. రాత్రి నేలమీద పడుకున్నవాళ్లను కట్లపాము కాటేస్తే నొప్పి కూడా తెలియకపోవచ్చు.

జవాబులు దొరికాక చేయాల్సింది తెలిసిపోతుంది. చేతిలో టార్చి, కాళ్లకు బూట్లు, పడకకు చుట్టూ దోపిన దోమతెర. కాటు పడితే బిగించి కట్టకుండా, కోయకుండా, మంత్రగాడి దగ్గరికి పోకుండా, కాటుపడ్డ కాలో చెయ్యో కదలనీయకుండా 108లో ఆసుపత్రికి చేర్చడం. నాట్ల కాలానికి ముందే దగ్గర్లోని పీహెచ్‌సీలో విరుగుడు మందు ఉందో లేదో చూసుకోవడం. పుస్తకంలో ఎపిడెమియాలజీ అని భయపెట్టే సబ్జెక్టు సారమంతా ఈ ప్రశ్నల్లోనే ఉంది.

ఉద్యోగాల సంగతికొస్తే, 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక సబ్ సెంటర్ స్థాయిలో కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అనే కొత్త కొలువు పుట్టింది. మన రాష్ట్రంలో ఎంఎల్‌హెచ్‌పీ అంటున్నది వాళ్లనే. నర్సింగ్ చదివినవాళ్లకు ఇది సొంత ఊరి దగ్గరే దొరికే అవకాశం. అయితే చాలామటుకు కాంట్రాక్టు కొలువు. ఆ సంగతి తెలిసే దిగాలి.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మాట. సీటు తీసుకునే ముందు ఫీజు, హాస్టల్ గురించి ఎలాగూ అడుగుతారు. దాంతోపాటు రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. పిల్లల్ని ఏ పీహెచ్‌సీకి, ఏ ఊరికి, ఎన్ని వారాలు పంపుతారో అడగండి. వీలైతే ఆ ఊళ్లోని ఏఎన్‌ఎంనో ఆశా కార్యకర్తనో కలిసి, విద్యార్థులు నిజంగా వస్తున్నారా అని కనుక్కోండి. ఫీల్డు ఊరి పేరు చెప్పలేని కాలేజీలో చేర్చకండి.