లోడు లాగడానికి పాత డీజిల్ ట్రాక్టర్ కొనుగోలు: బలం, బ్రేకు, పత్రాలు

లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• ట్రాక్టర్ లాగే శక్తి దేనిపై ఆధారపడుతుందో వివరించగలుగుతారు.
• టూ వీల్ డ్రైవ్, ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్లలో మీ పనికి ఏది తగినదో నిర్ణయించగలుగుతారు.
• పాత ట్రాక్టర్ ఇంజన్, గేర్లు, బ్రేకులు, కొక్కెం పరిశీలించే క్రమాన్ని చెప్పగలుగుతారు.
• యాజమాన్య మార్పిడికి అవసరమైన పత్రాలను గుర్తించగలుగుతారు.
• కొనుగోలు ధరకు, అసలు ఖర్చుకు ఉన్న తేడాను లెక్కించగలుగుతారు.

1. పరిచయం

పల్లెల్లో చాలా కుటుంబాలకు ఇల్లు, పొలం తరువాత అంత పెద్ద కొనుగోలు ట్రాక్టరే. కొత్త బండి ధర అందుబాటులో లేనివారు పాతది వెతుకుతారు. దమ్ము చేయడానికి, దున్నడానికి కొన్న ట్రాక్టరే ఏడాదిలో చాలా రోజులు ట్రాలీ తగిలించుకుని ధాన్యం, పత్తి, పశుగ్రాసం, ఎరువు మోస్తుంది. ఈ ట్రాలీని కొన్ని ప్రాంతాల్లో ట్రక్కు అని కూడా అంటారు. అయితే పొలం దున్నగల బండి అంతే భద్రంగా లోడు లాగగలదని అనుకోవడం పొరపాటు. దున్నేటప్పుడు బండి ఆగకపోవడం సమస్య కాదు. లోడుతో దిగుడు రోడ్డు మీద అదే ప్రాణాల మీదికి తెస్తుంది. అందుకే ఈ భాగంలో ట్రాక్టరును ముఖ్యంగా లోడు లాగే వాహనంగా చూస్తాం.

2. లాగే శక్తి: హెచ్.పి. ఒక్కటే చాలదు

అమ్మేవారు మొదట చెప్పే అంకె హెచ్.పి. అది ఇంజన్ సామర్థ్యం. ఆ సామర్థ్యం నేలకు చేరేది చక్రాల ద్వారా. చక్రం ఎంత గట్టిగా నేలను పట్టుకుంటుందో అంతవరకే బండి లాగగలదు. ఆ పట్టు రెండు విషయాలపై ఆధారపడుతుంది: తిరిగే చక్రాలపై పడే బరువు, నేల స్వభావం.

ఒక ఉదాహరణ తీసుకుందాం. టూ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ బరువు 2,000 కిలోలు, అందులో వెనుక చక్రాలపై పడేది 1,300 కిలోలు అనుకుందాం. పొడి రోడ్డుపై పట్టు గుణకం 0.6, తడి పొలంలో 0.3 అనుకుందాం. అప్పుడు లాగగల గరిష్ఠ బలం:

పొడి రోడ్డు: 1,300 × 0.6 = 780 కిలోల బలం
తడి పొలం: 1,300 × 0.3 = 390 కిలోల బలం

ఇప్పుడు లోడుతో కలిపి 5,000 కిలోల ట్రాలీని లాగాలి. చదునైన తారు రోడ్డుపై ట్రాలీ చూపే నిరోధం దాని బరువులో సుమారు 2 శాతం, అంటే 100 కిలోలు. ఇది సులభం. మెత్తటి పొలంలో అదే నిరోధం 10 శాతానికి చేరితే 500 కిలోలు కావాలి. ఉన్నది 390. ఇంజన్‌లో సత్తా ఉన్నా చక్రం అక్కడే తిరిగి గుంట చేసుకుంటుంది. అదే 2,200 కిలోల ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టర్ అయితే నాలుగు చక్రాలూ లాగుతాయి కనుక 2,200 × 0.3 = 660 కిలోల బలం దొరుకుతుంది. బండి కదులుతుంది.

దీని నుంచి మీరు గ్రహించవలసినది ఇది: మీ లోడు ఎక్కువగా తడి పొలం నుంచి గట్టెక్కాలంటే ఫోర్ వీల్ డ్రైవ్‌కు అదనంగా పెట్టే డబ్బు వృథా కాదు. ఊరి నుంచి మార్కెట్ యార్డుకు తారు రోడ్డు మీద మాత్రమే వెళ్లే పని అయితే మంచి స్థితిలో ఉన్న టూ వీల్ డ్రైవ్ చాలు.

3. ఆపే శక్తి: ముందుగా ఆలోచించవలసినది

లాగడం గురించి అందరూ అడుగుతారు. ఆపడం గురించి అడిగేవారు తక్కువ. సాధారణ ట్రాక్టరులో బ్రేకులు వెనుక చక్రాలకే ఉంటాయి. ఊళ్లలో తిరిగే చాలా ట్రాలీలకు బ్రేకులే ఉండవు. అంటే మొత్తం 7,000 కిలోలను 1,300 కిలోల బరువున్న రెండు చక్రాలే ఆపాలి.

పై ఉదాహరణనే కొనసాగిద్దాం. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో పొడి రోడ్డు మీద వెళ్తూ పూర్తి బ్రేకు వేస్తే:

ఖాళీ ట్రాక్టర్ ఆగే దూరం: సుమారు 9 మీటర్లు
లోడు ట్రాలీతో చదును రోడ్డుపై: సుమారు 32 మీటర్లు
లోడు ట్రాలీతో 20 మీటర్లకు 1 మీటరు దిగే వాలులో: సుమారు 58 మీటర్లు

డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి కాలు వేసేలోగా బండి కదిలే దూరం ఈ లెక్కలో లేదు. తడి రోడ్డయితే దూరం ఇంకా పెరుగుతుంది. పైగా వెనుక నుంచి ట్రాలీ నెట్టడం వల్ల ట్రాక్టర్ అడ్డం తిరిగి బోల్తా పడే ప్రమాదం ఉంది. కాబట్టి ట్రాలీ కూడా కొంటుంటే బ్రేకులున్న దాన్నే ఎంచుకోండి. దిగుడులో న్యూట్రల్ చేయకుండా, ఎక్కేటప్పుడు వాడే చిన్న గేరులోనే దిగాలి.

ట్రాక్టరుకు కుడి, ఎడమ చక్రాలకు వేర్వేరు బ్రేకు పెడళ్లు ఉంటాయి. పొలంలో మలుపు తిప్పడానికి అవి విడిగా పనికొస్తాయి. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కీ తప్పక వేయాలి. పాత బండ్లలో ఈ కొక్కీ తరచుగా ఊడిపోయి ఉంటుంది. చూడటానికి ఇది చిన్న ముక్కే. అది లేకపోతే కాలు ఒక్క పెడలు మీదే పడి, ఒక్క చక్రమే ఆగి, బండి పక్కకు లాగేస్తుంది.

4. బండిని పరిశీలించే క్రమం

4.1 చల్లని ఇంజన్

వెళ్లే ముందే "మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దన్నా" అని చెప్పండి. వెళ్లగానే ఇంజన్ మీద చేయి వేసి చూడండి. వేడిగా ఉంటే ఉదయం పూట స్టార్టింగ్ కష్టాన్ని దాచే ప్రయత్నం జరిగి ఉండవచ్చు. మరో రోజు రావడం మేలు.

స్టార్ట్ చేయడానికి ముందు ఆయిల్ పుల్ల తీసి చూడండి. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీరు కలిసినట్లు. గుర్తును మించి ఉండి, పలచబడి డీజిల్ వాసన వస్తే డీజిల్ కలుస్తున్నట్లు. చల్లగా ఉన్నప్పుడే రేడియేటర్ మూత తీసి, నీటిపై నూనె తెట్టు ఉందేమో చూడండి. వేడిగా ఉన్నప్పుడు ఆ మూత తీయకూడదు.

4.2 పొగ చెప్పే సంగతులు

స్టార్ట్ చేసిన క్షణం కొద్దిగా పొగ రావడం సహజం. వేడెక్కిన తరువాత కూడా ఆగని పొగను గమనించాలి.

• నల్ల పొగ: గాలి చాలక లేదా డీజిల్ ఎక్కువై పూర్తిగా మండటం లేదు. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేస్తే పోయేదీ కావచ్చు, ఇంజెక్టర్లు, పంపు పనీ కావచ్చు.
• నీలి పొగ: ఇంజన్ ఆయిల్ మండుతోంది. రింగులు, లైనర్లు అరిగి ఉండవచ్చు. ఇది పెద్ద ఖర్చు.
• తెల్ల పొగ: మండని డీజిల్ లేదా లోపలికి చేరిన నీరు. హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూతను జాగ్రత్తగా వదులు చేయండి. అక్కడి నుంచి పొగ బలంగా దమ్ములుగా కొడితే సిలిండర్లలో కంప్రెషన్ కిందికి దిగిపోతోందని అర్థం. "మొన్ననే ఇంజన్ చేయించాం" అంటే మంచిదే. ఏ భాగాలు మార్చారో తెలిపే బిల్లు అడగండి. బిల్లు లేని మాటకు ధరలో విలువ ఇవ్వకండి.

4.3 గంటల మీటరు

ట్రాక్టర్ వయసును కిలోమీటర్లలో కాక పనిచేసిన గంటల్లో లెక్కిస్తారు. అయితే మీటరు చెడిపోవచ్చు, మార్చి ఉండవచ్చు. అందుకే ఆ అంకెను ఇతర గుర్తులతో పోల్చండి: పెడళ్ల అరుగుదల, స్టీరింగ్ ఆట, సీటు స్థితి. టైరు పక్కన ఉండే నాలుగంకెల గుర్తు తయారైన వారం, సంవత్సరం చెబుతుంది. 2319 అంటే 2019లో 23వ వారం. తక్కువ గంటలు చూపే మీటరు, నున్నగా అరిగిన పెడలు ఒకే బండి మీద ఉంటే ఏదో ఒకటి అబద్ధం చెబుతోంది.

4.4 క్లచ్, గేర్లు, హైడ్రాలిక్

లోడు లేకుండా నడిపి చూస్తే ఏమీ తెలియదు. లోడు ట్రాలీ తగిలించి ఎత్తు ఎక్కించండి. ఇంజన్ శబ్దం పెరిగినా బండి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. గేరు దానంతట అదే జారి న్యూట్రల్‌లో పడితే దాన్ని చిన్న లోపంగా తీసుకోకండి. దిగుడులో ఇంజన్ పట్టు పూర్తిగా పోతుంది.

దమ్ములో ఎక్కువగా తిరిగిన బండిలో బురద నీరు సీళ్ల గుండా వెనుక ఇరుసులోకి చేరుతుంది. గేరు ఆయిల్ తెల్లబడిందేమో చూడండి. కల్టివేటరు వంటి బరువైన పనిముట్టును ఎత్తి ఇంజన్ ఆపండి. కొద్ది నిమిషాల్లోనే నేలకు దిగిపోతే హైడ్రాలిక్‌లో పని ఉంది.

4.5 కొక్కెం, పిన్ను

ట్రాలీ బరువంతా పట్టి ఉంచేది ఇదే. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయిందా, వెల్డింగ్ అతుకులున్నాయా, పిన్ను అరిగిందా చూడండి. పిన్ను ఊడకుండా లాక్, తోడుగా గొలుసు ఉండాలి. లోడు కట్టేటప్పుడు కొక్కేన్ని ఉన్నదానికంటే పైకి మార్చడం ప్రమాదకరం. లాగే బిందువు ఎత్తైతే ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

4.6 ఫోర్ వీల్ డ్రైవ్ అయితే

ముందు ఇరుసు నుంచి ఆయిల్ కారుతోందా, ముందు చక్రాలను ఊపితే ఆట ఉందా చూడాలి. మెత్తటి నేలలో లివర్ వేసి, ముందు చక్రాలు నిజంగా మట్టిని తవ్వుతున్నాయో పక్కన నిలబడి చూడమనండి. ముందు, వెనుక టైర్ల కొలతలు కంపెనీ నిర్ణయించిన జతగానే ఉండాలి. ఎవరో దొరికిన సైజు వేసి ఉంటే గేర్లపై అనవసర ఒత్తిడి పడుతుంది. తారు రోడ్డు మీద మామూలు ప్రయాణంలో ఫోర్ వీల్ డ్రైవ్ తీసివేయాలి.

5. పత్రాలు

బండి నచ్చిన తరువాత, బయానా ఇవ్వడానికి ముందు ఈ క్రమంలో చూడండి.

(అ) ఆర్.సి.లోని ఇంజన్, ఛాసిస్ నంబర్లను బండి మీద ఉన్నవాటితో అంకె అంకె సరిపోల్చండి. నమోదు గడువు ఎప్పటివరకో చూడండి.

(ఆ) మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రాలీ కూడా మోటారు వాహనమే. దానికి విడిగా నమోదు ఉండాలి. ట్రాక్టర్ ఆర్.సి. చూపి ట్రాలీ సంగతి దాటవేస్తే ఒప్పుకోకండి.

(ఇ) ఫైనాన్స్ ఉందేమో చూడండి. అప్పు తీరినా ఆర్.సి.లో పేరు మిగిలి ఉంటే, అప్పిచ్చిన సంస్థ సంతకంతో ఫారం 35 కావాలి.

(ఈ) యాజమాన్య మార్పిడికి ఫారం 29, ఫారం 30 కావాలి. వేరే రాష్ట్రం బండి అయితే ఫారం 28 ద్వారా నిరభ్యంతర పత్రం అవసరం. చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలి.

(ఉ) బీమా మీ పేరుకు మార్చమని 14 రోజుల్లో బీమా సంస్థను కోరాలి. వ్యవసాయానికి బీమా చేసిన ట్రాక్టరును ఇటుకలు, ఇసుక కిరాయికి తిప్పితే షరతు ఉల్లంఘన అవుతుంది. ప్రమాదం జరిగినప్పుడే ఆ సంగతి బయటపడుతుంది.

పేరు మార్చుకోకుండా ఏళ్ల తరబడి నడపడం మన ఊళ్లలో మామూలే. ఇది అమ్మినవారికీ ముప్పే. నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, రికార్డులో ఎవరి పేరుంటే వారినే యజమానిగా భావించి పరిహారానికి బాధ్యులను చేసింది. అందుకని మార్పిడి ఇద్దరి మేలు కోసమేనని అమ్మేవారికి వివరించండి.

6. అసలు ఖర్చు లెక్క

రెండు బండ్లు చూశారనుకుందాం. ఈ అంకెలు పద్ధతి తెలియడానికి మాత్రమే.

మొదటి బండి: ధర 3,20,000, టైర్లు 50,000, క్లచ్ 20,000, ఇంజన్ పని 60,000, పని ఆగిన 20 రోజులు, రోజుకు 1,500 చొప్పున 30,000. మొత్తం 4,80,000 రూపాయలు.

రెండో బండి: ధర 4,10,000, చిన్న మరమ్మతులు 15,000, పని ఆగిన 3 రోజులకు 4,500. మొత్తం 4,29,500 రూపాయలు.

ధరలో 90,000 చవకగా కనిపించిన బండి చివరికి 50,500 రూపాయలు ఎక్కువైంది. కోతల కాలంలో బండి షెడ్డులో ఉంటే పోయే రోజులను చాలామంది లెక్కలోకి తీసుకోరు. అప్పు చేసి కొనేవారికి ఆ రోజుల్లో కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది.

7. సారాంశం

లాగే శక్తి హెచ్.పి.తో పాటు తిరిగే చక్రాలపై బరువు, నేల పట్టులపై ఆధారపడుతుంది. లోడుతో ఆగే దూరం ఖాళీ బండి కంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది కనుక బ్రేకులు, కొక్కెం పరిశీలన ఇంజన్ పరిశీలనంత ముఖ్యం. చల్లని ఇంజన్‌తో మొదలుపెట్టి, లోడుతో నడిపి చూసి, పత్రాలు సరిపోల్చి, మరమ్మతు ఖర్చును ధరకు కలిపిన తరువాతే నిర్ణయం తీసుకోవాలి. బ్రేకులకు, కొక్కేనికి అయ్యే ఖర్చును బేరంలో తగ్గించమని అడగండి. అమ్మేవారు తగ్గించకపోయినా ఆ పని చేయించాకే మొదటి లోడు ఎత్తండి.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఇంజన్ సామర్థ్యం ఉన్నా తడి పొలంలో చక్రం ఎందుకు జారుతుంది?
2. రోడ్డెక్కే ముందు బ్రేకు పెడళ్లను ఎందుకు కలపాలి?
3. వేడెక్కిన తరువాత కూడా నీలి పొగ వస్తే ఏమని భావించాలి?

9. నమూనా పరీక్ష ప్రశ్నలు

1. పాత ట్రాక్టరును లోడు లాగడానికి కొనేటప్పుడు పాటించవలసిన పరిశీలన క్రమాన్ని వివరించండి.
2. 1,400 కిలోల బరువు వెనుక చక్రాలపై ఉన్న ట్రాక్టర్, పట్టు గుణకం 0.3 ఉన్న నేలలో, 10 శాతం నిరోధం చూపే 4,000 కిలోల ట్రాలీని లాగగలదా? లెక్కించి చూపండి.
3. మీ ఊళ్లో ఈ మధ్య పాత ట్రాక్టర్ కొన్న ఒకరిని కలిసి, ధర కాక ఏడాదిలో అయిన ఖర్చును అడిగి తెలుసుకొని, ఈ భాగంలోని పద్ధతిలో పట్టిక తయారు చేయండి.