పాత ఊరిలో కాపురం

నిర్మల్ పాత ఊరు. హైదరాబాదు నుంచి నాగపూర్ పోయే పెద్ద రోడ్డు మీద ఉంది. 2016 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. ఇప్పుడు అదే ఒక జిల్లా.

ఊరి చుట్టూ కోటలున్నాయి. శ్యాంఘడ్, బత్తీస్‌ఘడ్ అని వాటికి పేర్లు. అక్కడక్కడ బురుజులు, పాత గోడలు కనబడతాయి. నిమ్మనాయుడు అనే దొర పేరు మీదనే ఊరికి నిర్మల్ అనే పేరు వచ్చిందని చెబుతారు. ఈ ఊరికి పోరాటాల చరిత్ర కూడా ఉంది. 1860లో తెల్లదొరల మీద తిరగబడిన రాంజీ గోండును ఇక్కడనే ఉరితీశారు. ఆయనతో పాటు వెయ్యి మందిని ఒకే మర్రిచెట్టుకు ఉరితీశారని జనం చెప్పుకుంటారు. అందుకే దానిని వెయ్యి ఉరుల మర్రి అన్నారు. ఆ చెట్టు ఇప్పుడు లేదు. మాట మిగిలింది.

చూడవచ్చినవాళ్లు కోట చూసి పోతారు. ఊళ్లో కాపురం చేసేవాళ్ల సంగతి వేరు. పాత గల్లీలో బతకడం ఎట్లా ఉంటుంది?

మట్టి గోడల ఇల్లు

పాత ఇండ్లకు మందమైన మట్టి గోడలు. పైన గూన పెంకలు. లోపల కర్ర దూలాలు. ముందు అరుగు. ఇటువంటి ఇల్లు ఎండకాలం చల్లగా ఉంటుంది. గోడ మందంగా ఉండటం వల్ల ఎండ వేడి తొందరగా లోపలికి రాదు. సాయంత్రం అయితే ఆడోళ్లు అరుగు మీద కూర్చుంటారు. బియ్యం ఏరుతారు. పక్కింటి కష్టం సుఖం తెలుస్తుంది.

అయితే వానకాలం వస్తే భయం. చాలా ఇండ్లల్లో అత్తా కోడండ్ల నడుమ ఇట్లాంటి మాటే నడుస్తుంది.

"అత్తమ్మా, ఇది కూలగొట్టి స్లాబు వేద్దాం. వానొస్తే నాకు నిద్ర పడ్తలేదు."

"నా పెండ్లయినప్పటి సంది ఈ గోడ ఇట్లనే ఉన్నది బిడ్డా. ఇంత సల్లదనం స్లాబు కింద ఉంటదా?"

ఇద్దరి మాటా నిజమే. మట్టి గోడ మంచిదే. కాని దాన్ని చూసుకోవాలి. పెంక జరిగితే నీళ్లు గోడలోకి దిగుతాయి. తడిసిన గోడ బరువెక్కి కూలుతుంది.

కొందరు గట్టిదనం కోసం మట్టి గోడకు సిమెంటు పూస్తారు. అది మేలు చేయదు. మట్టి గోడ తడిని పీల్చుకుంటుంది, మళ్లీ బయటికి వదులుతుంది. సిమెంటు పూస్తే ఆ తడి లోపలనే ఉండిపోతుంది. పైకి గోడ బాగానే కనబడుతుంది. లోపల మట్టి మెత్తబడుతుంది. మట్టి గోడకు మట్టి పూత గాని సున్నం గాని మంచిది.

మిరుగు రాకముందే పెంకలు సదరించుకోవాలి. గోడ మొదట్లో నీళ్లు నిలవకుండా మోరీ తీయాలి. గోడ ఉబ్బినా, పెద్ద పగులు కనబడినా ఆ గోడ పక్కన పడుకోవద్దు. ముసురు పట్టినప్పుడు పిల్లల్ని, ముసలివాళ్లను వేరే ఇంటికి పంపాలి. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు. పోయిన ప్రాణం తిరిగి రాదు.

ఒకదాని వెనుక ఒకటి చెరువులు

పాతకాలం వాళ్లు ఊరు కట్టినప్పుడు నీళ్ల సంగతి ముందు ఆలోచించారు. నిర్మల్‌లో ధర్మసాగర్, బంగల్‌పేట, ఖజానా చెరువు ఇట్లా ఎన్నో చెరువులున్నాయి. వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి కింది చెరువుకు నీళ్లు పోతాయి. నడుమ కాలువ ఉంటుంది. బాయిల్లో నీళ్లు ఊరేది కూడా ఈ చెరువుల వల్లనే.

ఆ కాలువలో చెత్త పోస్తే ఏమైతుంది? శిఖం భూమిలో ఇండ్లు కడితే ఏమైతుంది? నీళ్లు తమ తొవ్వ మరిచిపోవు. తొవ్వ మూసేస్తే ఇండ్లల్లోకి వస్తాయి. 2021 జూలైలో పెద్ద వానలు పడ్డాయి. అప్పుడు నిర్మల్ పట్టణంలో కొన్ని కాలనీలు మునిగాయి. ఇండ్లు వదిలి జనం బయటికి రావలసి వచ్చింది. చెరువు, కాలువ పాతకాలం వస్తువులు కావు. నేటికీ ఊరిని కాచేవి అవే.

చేతిలో ఉన్న పని

నిర్మల్ అంటే కొయ్యబొమ్మలు. నకాషీ కుటుంబాల వాళ్లు తరతరాలుగా ఈ పని చేస్తున్నారు. బొమ్మలకు పొనికి కర్ర వాడతారు. అది తేలిక. మెత్తగా చెక్కుడు పడుతుంది. చింతగింజల పిండిని ఉడికించి, కర్రపొట్టు కలిపి ముద్ద చేస్తారు. ముక్కల్ని దానితో అతుకుతారు. పైన నునుపు చేసి రంగులు వేస్తారు. మామిడిపండు బొమ్మ చేస్తే చెట్టు మీది పండే అనిపిస్తుంది.

ఈ పనిలో ఆడోళ్ల చేయి ఉంది. ముద్ద కలపడం, నునుపు చేయడం, రంగులు వేయడం వాళ్లు చేస్తారు. 1955లో కళాకారులు సహకార సంఘం పెట్టుకున్నారు. 2009లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట చేసిన బొమ్మను నిర్మల్ బొమ్మ అని అమ్మరాదు.

గుర్తింపు వచ్చింది కాని కర్రకు కరువు వచ్చింది. అడవిలో పొనికి చెట్లు తగ్గాయి. చెట్టు పెరగడానికి ఏండ్లు పడుతుంది. నరికినచోట మళ్లీ నాటకపోతే పిల్లలకు పని మిగలదు. పని లేకపోతే పాత గల్లీ విడిచి పట్నం పోతారు. మిగిలేది తాళం వేసిన ఇల్లు.

కాయితం ఎవరి పేరు మీద?

పాత ఇండ్లు చాలామట్టుకు తాత పేరు మీదనో ముత్తాత పేరు మీదనో ఉంటాయి. వాటాదారులు పదిమంది అయితారు. ఎవరూ పైసలు పెట్టరు. అందరి ఇల్లు ఎవరి ఇల్లూ కాకుండా పోతుంది. గోడ అట్లనే కూలుతుంది.

ఇంటి పన్ను రశీదు ఉంటే చాలదు. రశీదు పన్ను కట్టినట్టు చెబుతుంది. ఇల్లు మీదేనని చెప్పదు. అందుకు దస్తావేజు కావాలి. కాయితం మీద ఎవరి పేరుందో చదివి చూసుకోవాలి. 2005లో హిందూ వారసత్వ చట్టాన్ని మార్చారు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతో సమానంగా బిడ్డకు వాటా ఉంది. ముస్లిం కుటుంబాల్లో కూడా వాళ్ల చట్టం ప్రకారం బిడ్డలకు వాటా వస్తుంది. చదవకుండా ఏ కాయితం మీదా వేలిముద్ర గాని సంతకం గాని పెట్టవద్దు.

ఊరు పేరుతో నిలవదు. కోట గోడను సర్కారు చూడాలి. ఇంటి గోడను, గల్లీ మోరీని, చేతి పనిని ఊరివాళ్లు చూసుకోవాలి. అప్పుడే పాత ఊరు బతికిన ఊరవుతుంది.

కలిసి మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో పాత చెరువు ఏది? దాని నీళ్లు ఎటు పోతాయి? ఆ తొవ్వ ఇప్పుడు తెరిచి ఉందా?
2. మీ ఇంటి కాయితం మీద ఎవరి పేరుంది? చదివి చూశారా?
3. మీ గల్లీలో తాతల నాటి పని ఏదైనా మిగిలిందా? దాన్ని ఎవరు నేర్చుకుంటున్నారు?