ఇంటి కంప్యూటరు

సంగారెడ్డి నుండి పటాన్‌చెరు మీదుగా రామచంద్రాపురము వైపు పోవు రహదారి ప్రక్క కర్మాగారములు ఎన్నో కలవు. అందు ఏదేని యంత్రము ఆగిపోయినచో, నేర్పరియైన పనివాడు దానిని వెంటనే విప్పడు. విద్యుత్తు వచ్చుచున్నదా యని మొదట చూచును. పిదప తీగలను, ఆ పైన లోపలి భాగములను వరుసగా పరీక్షించును. ఇంటి కంప్యూటరు విషయమునను ఈ పద్ధతియే మేలైనది.

మన ప్రాంతమునకు కంప్యూటరు క్రొత్తది కాదు. హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా సంస్థ 1969లో టి.డి.సి.-12 అను కంప్యూటరును నిర్మించెను. నాడు పెద్ద సంస్థలకే పరిమితమైన ఆ యంత్రము నేడు సామాన్యుని ఇంటి బల్లపైకి వచ్చినది. సికిందరాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు వంటి చోట్ల దాని భాగములు విడివిడిగా దొరకును. వానిని తెచ్చి ఇంటనే కూర్చుకొనువారును కలరు.

కంప్యూటరులో ముఖ్యభాగములు ఆరు. లెక్కలు చేయునది ప్రాసెసరు. జరుగుచున్న పనిని తాత్కాలికముగా నిలుపుకొనునది ర్యామ్. విద్యుత్తు పోయినను సమాచారమును దాచియుంచునది డిస్కు. వీని నన్నిటిని కలుపు పలక మదర్‌బోర్డు. ఇంటికి వచ్చు 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులుగా మార్చి యిచ్చునది ఎస్.ఎం.పి.ఎస్. వీనిని కాపాడు పెట్టె క్యాబినెట్. ప్రాసెసరును, ర్యామ్‌ను మదర్‌బోర్డునకు సరిపడునట్టివే కొనవలెను. డి.డి.ఆర్.-5 ర్యామ్, డి.డి.ఆర్.-4 బోర్డులో అమరదు.

పెట్టెను విప్పుటకు ముందు మూడు జాగ్రత్తలు వహింపవలెను. మొదటిది, ప్లగ్గును గోడనుండి ఊడదీయుట. రెండవది, పెట్టె యొక్క లోహభాగమును చేతితో తాకుట. మన దేహమున చేరిన స్థిరవిద్యుత్తు మనకు తెలియకుండనే సున్నితములైన భాగములను చెరచగలదు. లోహమును తాకినచో అది తొలగిపోవును. మూడవది, ఎస్.ఎం.పి.ఎస్.ను ఎన్నడును విప్పకుండుట. ప్లగ్గు తీసిన పిదపను దానిలోని కెపాసిటర్లలో ప్రాణాపాయకరమగు విద్యుత్తు నిలిచియుండవచ్చును.

ఒకనాడు నా యింటి కంప్యూటరు పలుకలేదు. పొరుగింటి బాలిక మరునాటి సాయంకాలములోగా దానిపై కళాశాల దరఖాస్తును పూర్తి చేయవలసియుండెను. ఒక దుకాణమువారు పెట్టెనైనను విప్పక, "బోర్డు కాలినది, క్రొత్తది కొనుడు" అనిరి. నా పూర్వశిష్యుడొకడు కర్మాగారమున ఎలక్ట్రీషియను. నే నతనిని పిలిపించితిని. "సార్, చూడకుండ కాలినదని ఎట్లు చెప్పగలము?" అని అతడు స్విచ్చును, తీగను, తెరను వరుసగా పరీక్షించెను. పెట్టె విప్పగా లోపల దుమ్ము పేరుకొనియుండెను. అతడు దుమ్మును దులిపి, ర్యామ్‌ను తీసి, దాని అంచును పెన్సిలు రబ్బరుతో మెల్లగా తుడిచి, మరల గట్టిగా అమర్చెను. తెర వెలిగినది! ఆ రాత్రియే దరఖాస్తు పూర్తియైనది.

ఇంటర్నెట్ ఆగినప్పుడును ఇదే వరుసను పాటింపవలెను. ఫైబరు తీగ వచ్చి చేరు పెట్టెపై ఎఱ్ఱదీపము వెలుగుచున్నచో లోపము సాధారణముగా తీగలో నుండును. కంప్యూటరును విప్పి లాభము లేదు, సంస్థవారికి తెలుపవలెను. దీపములు సరిగా నుండి, ఫోనులో ఇంటర్నెట్ వచ్చుచు కంప్యూటరులో రానిచో, లోపము కంప్యూటరు వైపు ఉన్నదని ఊహింపవచ్చును. అప్పుడు దాని చిరునామాను చూడుడు. అది 169.254 అను అంకెలతో ఆరంభమైనచో రౌటరు దానికి చిరునామా ఈయలేదని అర్థము. తీగను సరిచేసి, రౌటరును ఆపి మరల వెలిగింపవలెను. దూరపు గదిలో వైఫై బలహీనముగా నున్నచో 2.4 గిగాహెర్ట్జ్ తరంగమును ఎన్నుకొనుడు. 5 గిగాహెర్ట్జ్ తరంగము వేగవంతమైనదే కాని, గోడలను దాటుటలో దానికంటె బలహీనము.

విద్యార్థులారా! ఒకేమారు నాలుగు మార్పులు చేసినచో ఏ మార్పువలన యంత్రము బాగుపడినదో తెలియదు. కావున ఒక్కొక్క మార్పు చేసి, ఫలితమును పుస్తకమున వ్రాసికొనుడు. ముఖ్యమైన వ్రాతలకు వేరొక డిస్కులో నకలు ఉంచుకొనుడు. పోయిన భాగమును కొనవచ్చును గాని, పోయిన వ్రాతను కొనలేము. తెలియనిచోట పెద్దల సాయము కోరుట చిన్నతనము కాదు. నాడి చూడక మందిచ్చువాడు వైద్యుడు కాడు. కారణ మెఱుగక యంత్రమును విప్పువాడు పనివాడు కాడు.